బడి చేసే పనులన్నీ ఎవరు చేస్తారు?



హనుమకొండలో ఈ మధ్య నన్ను చాలామంది ఒకే తీరుగా పలకరిస్తున్నారు. పెళ్లి పందిట్లోనో, కూరగాయల మార్కెట్‌లోనో కాస్త పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "మేడం, మా బిడ్డను బడి మాన్పిచ్చి ఇంట్లనే చదివిద్దామనుకుంటున్నం, ఎట్ల మొదలువెట్టాలె?" అని అడుగుతారు. ఉద్యోగమంతా సర్కారు బడిలో చాక్‌పీసు పట్టుకుని గడిపిన మనిషిని నేను. వచ్చి వచ్చి నన్నే అడుగుతారేమిటని మొదట్లో కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజం. కానీ వాళ్ల కారణాలు వింటే కొట్టిపారేయబుద్ధి కాదు. ఒకరి పిల్లవాడికి అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయి, క్లాసులో రోజూ నవ్వులపాలవుతున్నాడు. ఇంకొకరి పాప ఐదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో రాత్రి తొమ్మిదింటి దాకా పుస్తకాల ముందు కునికిపాట్లు పడుతోంది. కొందరికి ఫీజు భారం. కరోనా తర్వాత ఇంటి నుంచే పని చేసుకుంటున్న దంపతులైతే, మేమే చెప్పుకోగలం కదా అంటున్నారు.

ఆ వెంటనే వచ్చే ప్రశ్న పుస్తకాల గురించి. ఏ సిలబస్ పెట్టాలి, ఏ యాప్ కొనాలి, రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెట్టాలి? నేను చెప్పే జవాబు వాళ్లకు అంతగా రుచించదు. పాఠం చెప్పడమనేది బడి చేసే పనులన్నిట్లోకీ తేలికైన పని. ఈ మాట అంటున్నది ఒక పంతులమ్మే, కాబట్టి నమ్మండి. నలభై ఐదు నిమిషాల పీరియడు, ఎదురుగా నలభై మంది పిల్లలు. భాగించుకోండి. ఒక్కొక్కరికి నా వంతు నిమిషం దాటి పది సెకన్లు కూడా రాదు. అటెండెన్సు తీసేస్తే అదీ ఉండదు. ఇంట్లో ఒక పిల్ల, ఒక పెద్ద మనిషి రెండు గంటలు మనసు పెట్టి కూర్చుంటే బడిలో ఒక రోజంతా జరిగే చదువు జరిగిపోతుంది. పుస్తకాలంటారా, మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఎస్‌సీఈఆర్‌టీ వాళ్ల సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇంకేం కొనక్కర్లేదు.

మరి కష్టం ఎక్కడుంది? బడి చేసే మిగతా పనుల్లో ఉంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్లను ఒకరి కంటి కింద ఉంచుతుంది బడి. సర్కారు బడైతే మధ్యాహ్నం అన్నం పెడుతుంది. తన ఈడు పిల్లల్ని ముప్పై మందిని తెచ్చి పక్కన కూర్చోబెడుతుంది. మీ ఇంట్లో ఏదైనా తేడాగా ఉంటే ఆ పిల్ల ముఖం చూసి కనిపెట్టే బయటి మనిషి ఒకరు అక్కడుంటారు. ఏడాది తిరిగేసరికి ఫలానా పిల్ల ఫలానా చోట చదివిందని కాగితం మీద ముద్ర వేసి ఇస్తుంది. బడి మానిపించడం ఒక్క పూట పని. ఈ పనులన్నీ ఇకమీద ఎవరు చేస్తారో తేల్చుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. ఇంటి చదువు మొదలుపెట్టడమంటే నా దృష్టిలో ఇదే.

ఇంట్లో చదువుకోవడం మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. భండారు అచ్చమాంబను తీసుకోండి. 1874లో పుట్టిన ఆవిడ బడి ముఖం చూడలేదు. తనకంటే మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే, అతని దగ్గరే ఇంట్లో అక్షరాలు నేర్చింది. ఆ ఇంటి చదువుతోనే కథలు రాసింది, స్త్రీల జీవిత చరిత్రలు కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే గ్రంథం తెచ్చింది. 1902లో వచ్చిన ఆమె కథ ‘ధన త్రయోదశి’ తెలుగులో తొలినాటి కథల్లో ఒకటి. ఆ తమ్ముడే తర్వాత హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. అది 1901. మూడేళ్లకు మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. నిజాం సర్కారు బళ్లలో చదువంతా ఉర్దూలో సాగే కాలం అది. తెలుగు కావాలనుకున్నవాళ్లు ఇంట్లోనో, వీధి అరుగు మీదో, ఇలాంటి గ్రంథాలయంలోనో నేర్చుకోవలసిందే. 1920లలో ఆ అరుగు బళ్ల మీదా ఆంక్షలు వచ్చాయి. ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు బడి, పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలన్నారు. ఆ నిబంధనలు ఎత్తేయాలని ఆంధ్ర మహాసభలు తీర్మానాల మీద తీర్మానాలు చేశాయి. అంటే మన తాతలు ఇంటి చదువును ఏరి కోరి ఎంచుకోలేదు, బడిలో తమ భాష లేక ఆ దారి పట్టారు. బడికి వంద గజాల దూరంలో కాపురముండి ‘మాకు బడి వద్దు’ అనగలగడం ఈ తరానికి వచ్చిన వెసులుబాటు. ఆ తేడా గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం.

చట్టం ఏమంటుందో చాలామందికి సరిగా తెలియదు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ప్రతి పిల్లకూ బడి చదువు హక్కు. ఆ చట్టం పదో సెక్షన్ పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది. చేర్పించకపోతే జరిమానా అని గానీ, జైలు అని గానీ అందులో రాయలేదు. ఇంటి చదువును పేరు పెట్టి ఒప్పుకోనూ లేదు, వద్దననూ లేదు. జర్మనీలో అయితే బడికి పంపకపోవడం చట్టవిరుద్ధం. అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ ఇంట్లో చదివించుకోవచ్చు, నియమాలు మాత్రం ఎక్కడికక్కడ వేరు. మన దగ్గర ఈ రెండూ కాని పరిస్థితి. గొంతు తగ్గించి అడగాల్సినంత తప్పేమీ లేదు, అలాగని మా ఇష్టం అని ఛాతీ విరుచుకోవడానికీ లేదు.

ఈ చట్టం ఒక్క చోట మాత్రం ఇంటి చదువు అన్న మాట సూటిగా అంటుంది. 2012లో వచ్చిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు కావాలనుకుంటే ఇంటి దగ్గరే చదువుకునే హక్కుంది. మీకు మంచి ఇంటి బడి చూడాలనుంటే నేను అక్కడికే పంపిస్తాను. మన మండలాల్లో ‘భవిత’ కేంద్రాలున్నాయి. అక్కడ పనిచేసే ఐఈఆర్‌పీలు, అంటే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు, మంచం దిగలేని పిల్లల ఇళ్లకే వెళ్లి నేర్పుతారు. ఒకసారి వాళ్లలో ఒకమ్మాయి పాఠం చెబుతుంటే పక్కనే కూర్చుని చూశాను. ఆ రోజు పాఠం చొక్కా గుండీ. మామూలు గుండీ కంటే పెద్దది, అరచేతంత గుడ్డకు కుట్టి తెచ్చింది. బాబు వేళ్లు వణుకుతున్నాయి. గుండీని కాజాలో సగం దాకా తనే దూర్చి వదిలేసింది, మిగతా సగం వాడు లాగాలి. వాడు లాగేదాకా ఆ అమ్మాయి చెయ్యి కదిలించలేదు, నోరూ విప్పలేదు. పక్కనున్న తల్లి అందుకోబోతే కళ్లతోనే ఆపింది. పని మొత్తం చేసి పెట్టకుండా చివరి సగం పిల్లకు వదలడం, ఆ సగం పూర్తయ్యేదాకా ఓపిక పట్టడం. ట్రైనింగ్ కాలేజీలో నేను నేర్చుకున్నదానికంటే ఎక్కువే ఉంది అందులో. ఇంటి బడి పెట్టే తల్లిదండ్రులకు ముందు రావలసిన విద్య కూడా అదే అనిపించింది.

ప్రతి జూన్‌లో ప్రొఫెసర్ జయశంకర్ బడిబాట జరుగుతుంది. ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టి, పంతులుగా మొదలై, కాకతీయ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ దాకా ఎదిగిన మన జయశంకర్ సారు పేరుతోనే. టీచర్లు, సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) రిజిస్టరు పట్టుకుని గడప గడపకూ వస్తారు. మీ పిల్ల పేరు ‘బడి బయటి పిల్లలు’ జాబితాలోకి ఎక్కుతుంది. అప్పుడు తలుపు చాటున నక్కకండి. ఎర్రటి ఎండలో తిరిగి వచ్చిన మనిషి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి. పిల్ల రాసిన నోటు పుస్తకాలు చూపించండి, ఏం చదివిస్తున్నారో చెప్పండి. పనికి పంపుతున్న పిల్లలు, పెళ్లి చేసేస్తారేమోనని భయమున్న ఆడపిల్లలు ఆ జాబితా వల్లే దొరుకుతారు. మీకు కాస్త చిరాకనిపించినా ఆ ఆరా అవసరమైనదే. దాచుకోవలసిందేమీ లేని ఇల్లు దానికి ఎందుకు జంకాలి?

ఇక కాగితాలు. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇంటి చదువు గురించి ఇంగ్లీషు పుస్తకాల్లో ఎంత వెతికినా మన తెలంగాణ సంగతి దొరకదు. బడి మానిపించేటప్పుడు కోపంతో వచ్చేయకండి. ప్రాథమిక పాఠశాల అయితే రికార్డు షీటు, హైస్కూలైతే టీసీ, దాంతోపాటు చదివిన ప్రతి తరగతికీ బోనఫైడ్ అడిగి తీసుకోండి. ఎందుకంటారా? మన దగ్గర ఉద్యోగాల్లో స్థానికత అనేదొకటుంది. 371-డి అధికరణం, దాని కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు. 2018 నాటి ఉత్తర్వు ప్రకారం ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నది చూసే మీరు ఏ జిల్లా, ఏ జోన్ అని తేలుస్తారు. హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం కలిసి భద్రాద్రి జోన్. ఏ బడిలోనూ చదవని పిల్లకు బోనఫైడ్ ఎవరిస్తారు? అలాంటివాళ్లు ఆ ఏళ్లలో ఇక్కడే నివసించినట్టు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపించాలి. మీ పిల్లకు ఇప్పుడు ఎనిమిదేళ్లుంటే, గ్రూప్స్ నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టుకునేసరికి పాతికేళ్లుంటాయి. పదిహేడేళ్ల కింద మనం నయీంనగర్‌లో అద్దెకున్నామని అప్పుడు రుజువు చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే ఈనాడే ఒక ఫైలు పెట్టండి. పుట్టిన తేదీ పత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, అద్దెకుంటే అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, ఏటా ఒకసారి మీ సేవలో తీసుకున్న నివాస ధ్రువపత్రం. పిల్ల ఆ ఏడాది రాసిన నోటు పుస్తకాల్లో రెండు మూడు కూడా అందులోనే పెట్టండి. ఆదర్శాలతో మొదలైన ఇళ్లు కూడా తడబడేది ఎక్కువగా ఈ ఫైలు దగ్గరే.

కాగితాలు సర్దుకున్నాక పాఠాలు మొదలుపెట్టకండి. అవును, పెట్టొద్దనే అంటున్నాను. బడి నుంచి బయటికొచ్చిన పిల్లను కొన్ని వారాలు ఊరికే వదిలేయండి. ముఖ్యంగా అక్కడ దెబ్బలు తినో, మాటలు పడో వచ్చిన పిల్లను. ఆ వారాల్లో తను ఏం చేస్తుందో చూడండి. మొదట టీవీ, తర్వాత ఫోను, ఆ తర్వాత విసుగు. విసుగు ముదిరాక మెల్లగా ఏదో ఒకటి చేతిలోకి తీసుకుంటుంది. అది బొమ్మలే కావచ్చు, అమ్మమ్మ కుట్టు మిషనే కావచ్చు, మిద్దె మీద పావురాలే కావచ్చు. తనకేది పట్టుబడుతుందో మీకు తెలిసేది అప్పుడే. ఈ ఖాళీ రోజుల్ని తట్టుకోలేని తండ్రులను చూశాను. మూడో రోజుకే హాల్లో తెల్ల బోర్డు, గోడకు టైం టేబులు, పీరియడ్ పీరియడ్‌కూ ఫోనులో గంట. అంత ముచ్చటగా ఉంటే బడికే పంపొచ్చుగా?

కరోనా కాలాన్ని ఇంటి చదువుకు రిహార్సల్ అనుకునేవాళ్లున్నారు. 2020 మార్చిలో బళ్లు మూతబడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. అవి బడి పాఠాలే, తెర మీద వచ్చాయంతే. వర్క్‌షీట్లు ఇచ్చాం, ఫోన్లు చేశాం, ఇళ్లకు వెళ్లి ‘చూస్తున్నరా’ అని అడిగాం. ఇంట్లో ఒకే ఫోను, అదీ నాన్న వెంట పనికి వెళ్లిపోయే ఇళ్లలో పిల్లలు ఎంత వెనకబడ్డారో నేను కళ్లారా చూశాను. ఆ రోజులు మనకు నేర్పిన సంగతి ఒకటుంది. తెర ముందు పిల్లను కూర్చోబెట్టి మన పని మనం చేసుకుంటే చదువు రాదు, పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి ఎవరు? అడగక్కర్లేదు, తల్లే. ‘మేం ఇంట్లో చదివిస్తున్నాం’ అని భర్త నలుగురిలో గర్వంగా అంటుంటే, ఆ ‘మేం’లో ఉన్నది భార్య ఒక్కతే అయిన ఇళ్లు నాకు తెలుసు. ఆమె ఉద్యోగం మానేసింది. వంట, అత్తమామల మందులు, పిల్ల చదువు అన్నీ ఆమెవే. పిల్లకు ఎక్కం రాకపోతే ఆ నింద కూడా ఆమెదే. ‘సాయంత్రం వచ్చాక లెక్కలు నేను చెప్తా’ అన్న నాన్నలకు ఏ సాయంత్రమూ దొరకదు. కాబట్టి ఆలుమగలిద్దరూ కూర్చుని, పిల్లతో ఉండే గంటలు ఎవరివెన్నో ముందే కాగితం మీద రాసుకోండి. ఇద్దరి పేర్లూ ఆ కాగితం మీద లేకపోతే ఇంటి బడి ఆలోచన పక్కన పెట్టేయమని నిర్మొహమాటంగా చెప్తాను. పని మనిషి లేకుండా, తాతయ్యో నానమ్మో తోడు లేకుండా ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటికి ఇది అసలే కుదరదు.

మనిషి కుదిరారు, గంటలు కుదిరాయి, అప్పుడు పాఠం. చిన్న పిల్లలకు చదవడం, రాయడం, లెక్క ఈ మూడూ గట్టిపడితే తక్కినవి తోసుకుంటూ వస్తాయి. ఏడేళ్ల పిల్లకు ఒత్తులు నేర్పాలంటే హనుమకొండ బస్టాండుకు తీసుకెళ్లండి. ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే అరగంటలో ఎన్ని బోర్డులు వస్తాయో! పరకాల, ములుగు తేలిగ్గా చదివేస్తుంది, ఒత్తే లేదు. భూపాలపల్లి దగ్గర లకు లావత్తు. నర్సంపేట దగ్గర కాస్త ఆగుతుంది, రకు సావత్తు. వర్ధన్నపేట వచ్చేసరికి రెండు చోట్ల తంటా. బస్సు కదిలిపోతుంటే చదివేయాలన్న తొందరలో తప్పు చదువుతుంది, నవ్వుతుంది, రివర్సులో వచ్చే ఇంకో బస్సు కోసం చూస్తుంది. కాపీ పుస్తకంలో పదిసార్లు రాయిస్తే రాని ఒత్తు ఇక్కడ ఒక్క పూటలో పట్టుబడుతుంది.

లెక్కలకు నేను ఎంచుకునే చోటు ఎనుమాముల వ్యవసాయ మార్కెట్. ఒక ఫిబ్రవరిలో మా చెల్లెలి మనవడిని తీసుకెళ్లాను. పదేళ్లవాడు. యార్డులో అడుగు పెట్టగానే మిర్చి ఘాటుకు ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. మేం వెళ్లేసరికి జెండా పాట నడుస్తోంది. ఆ రోజు మేలైన సరుకుకు ఇంత ధర అని అరిచి చెప్పారు. వీడు నోటు పుస్తకంలో రాసుకున్నాడు. కొంచెం అవతల ఒక ముసలాయన బస్తాలకు క్వింటాకు మూడు వేలు తక్కువ పలికింది. వీడు వెంటనే, "అమ్మమ్మా, జెండా పాట ధర అందరికీ ఇయ్యరా?" అన్నాడు. ముసలాయనే జవాబు చెప్పాడు: "అది ఒక్కనికే బిడ్డా, తక్కినోళ్లకు వినుటానికే." బస్తా నలభై కిలోలు, ఆయనవి ముప్పై బస్తాలు. వీడు నేల మీద కూర్చుని లెక్క కట్టాడు. పన్నెండు క్వింటాళ్లు, క్వింటాకు మూడు వేలు, మొత్తం ముప్పై ఆరు వేలు. కాసేపు ఆ అంకెను చూసి "మా బడి ఫీజంత" అన్నాడు. గరిష్ఠం, సగటు అనే మాటలు నేను వాడికి చెప్పనేలేదు. ఆ సాయంత్రం తేమ అంటే ఏమిటి, తాలు అంటే ఏమిటి, హమాలీకి ఎంత, తూకం వేసే దడ్వాయికి ఎంత, ఇన్ని కోతలు పోను ఆయన చేతికి ఎంత వచ్చి ఉంటుందని వాడే అడుగుతూ పోయాడు. వీడు బడికి వెళ్లే పిల్లవాడే సుమా. బడికి వెళ్లినా ఇలాంటి రోజులు పెట్టుకోవచ్చు.

కాకపోతే ఇందులోనూ అతి పనికిరాదు. రామప్ప గుడికి తీసుకెళ్లి, నంది దగ్గరికైనా చేరకముందే ‘కట్టింది ఎవరు? రేచర్ల రుద్రుడు. ఎప్పుడు? 1213’ అని అప్పజెప్పించే తల్లిదండ్రులు ఎదురవుతుంటారు. పిల్ల చెరువు కట్ట మీదికి పరుగెత్తాలనుకుంటే పోనివ్వండి. నీళ్లలో తేలే ఇటుక సంగతి తనే అడిగిన రోజు చెప్పొచ్చు. 2022లో యునెస్కో మన వరంగల్‌ను ‘నేర్చుకునే నగరాల’ జాబితాలో చేర్చింది. ఆ వార్త చదువుకుని మురిసిపోయాం. ఆ రోజు కూడా మన పిల్లలు రాత్రి దాకా స్టడీ అవర్లలోనే ఉన్నారు.

తోడు మాటకొస్తాను. పొద్దున తొమ్మిది తర్వాత ఏ వాడకైనా వెళ్లి చూడండి, ఒక్క పిల్ల కనిపించదు. సాయంత్రం ఐదింటికి వస్తారు, ఆరింటికి ట్యూషన్‌కు పోతారు. ఇంట్లో చదివే పిల్లకు మధ్యలో ఆ ఒక్క గంటే. రోజంతా పెద్దవాళ్లతోనే ఉన్న పిల్ల పెద్దవాళ్లలాగే మాట్లాడుతుంది. చుట్టాలకు అది ముచ్చట, నాకు మాత్రం బెంగ. ఆటలో ఓడిపోవడం, అలిగి మళ్లీ కలవడం, నచ్చనివాళ్ల పక్కన కూర్చోవడం అమ్మానాన్నలు నేర్పేవి కావు. కాబట్టి ఆ గంటను ట్యూషన్‌కు ఇచ్చేయకండి. హనుమకొండ జేఎన్ స్టేడియంలో ఏదో ఒక ఆటలో చేర్పించండి, గ్రంథాలయానికి పంపండి, సెలవులకు ఊళ్లో మేనత్త ఇంట్లో వదలండి.

ఇక్కడో హెచ్చరిక. ఇలాంటి ఆలోచనే ఉన్న రెండు మూడు కుటుంబాలు కలిసి పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టుకోవడం బాగానే ఉంటుంది. కానీ అది పెరిగి, వేరేవాళ్ల పిల్లల్ని చేర్చుకుని, ఫీజు తీసుకుని, ఒక పేరు పెట్టారంటే గుర్తింపు లేని బడి నడుపుతున్నట్టే. విద్యాహక్కు చట్టం కింద దానికి లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు పదివేలు. తల్లిదండ్రుల మీద శిక్ష రాయని చట్టం అనుమతి లేని బడి మీద మాత్రం ఇంత గట్టిగా ఉంది. ఖాన్గీ బళ్ల కథ వేరే రూపంలో మళ్లీ వచ్చిందని కొందరంటారు. నేను అంత దూరం పోను. ఇప్పటి నియమం పిల్లల భద్రత కోసం, నాటి ఆంక్ష తెలుగు పెరగకుండా.

పరీక్షల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం విన్నవాళ్లు ఊరుకోరు. రెండు దార్లున్నాయి. ఒకటి మన తెలంగాణ ఓపెన్ స్కూల్. రెండోది ఢిల్లీ కేంద్రంగా 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక పాఠశాల, మనం ఎన్ఐఓఎస్ అంటాం. రెండింటిలోనూ తెలుగు మాధ్యమంలో పది రాయొచ్చు. పదికి పద్నాలుగేళ్లు, ఇంటర్‌కు పదిహేనేళ్లు నిండాలి. అడ్మిషన్ తీసుకున్నాక ఐదేళ్ల వ్యవధి ఉంటుంది, పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిలిచి ఉంటుంది, మిగతావి నిదానంగా రాసుకోవచ్చు. ఎన్ఐఓఎస్‌లో చిన్న తరగతులకు ఎ, బి, సి అని మూడు అంచెలు కూడా ఉన్నాయి. అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. 2018లో ఓపెన్ స్కూల్ పిల్లలు నీట్ రాయడానికి అర్హులు కారని ఒక నిబంధన పెట్టారు, ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ‘ఓపెన్ చదువుకు విలువ లేదు’ అన్న మాటను పట్టించుకోనక్కర్లేదు. ‘గ్యారంటీగా పాస్ చేయిస్తాం, మీరు వచ్చి కూర్చుంటే చాలు’ అని కరపత్రాలు పంచేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి. అధ్యయన కేంద్రాల్లో చాలావరకు సర్కారు బళ్లే, నేరుగా అక్కడికి వెళ్లి కనుక్కోవచ్చు.

ఇంటి చదువు అనగానే పేపర్లలో కనిపించేది అద్భుతాలే. హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ తల్లిదండ్రుల దగ్గరే చదువుకుని ఎనిమిదేళ్లకు పదో తరగతి, పదమూడేళ్లకు డిగ్రీ పూర్తి చేసింది. ఢిల్లీలో తల్లి దగ్గర ఇంట్లో చదివిన సహల్ కౌశిక్ పద్నాలుగేళ్లకే 2010 ఐఐటీ ప్రవేశ పరీక్షలో ముప్పై మూడో ర్యాంకు తెచ్చుకున్నాడు. నిజంగా గొప్ప పిల్లలు. కానీ ఆ వార్త కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించే ఇంట్లో పిల్ల పరిస్థితి కోచింగ్ హాస్టల్లో ఉన్నట్టే ఉంటుంది, వార్డెన్ మాత్రం మారతాడు. ఇంట్లో ఉండటం వల్ల దొరికేది తొందర లేకపోవడం. అక్షరాలు తారుమారుగా చూసే ఆ పిల్లవాడికి కావలసిందల్లా అదే.

ఒకవేళ కుదరలేదు, ఏడాది రెండేళ్లకు మీకో, పిల్లకో వద్దనిపించింది. అప్పుడేం చేయాలి? తిరిగి వెళ్లే దారిని చట్టం తెరిచే ఉంచింది. నాలుగో సెక్షన్ ప్రకారం పిల్ల వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ లేదన్న సాకుతో ఆలస్యం చేయకూడదు. మా వీధిలోనే ఒక పాప మూడేళ్లు ఇంట్లో చక్కగా చదువుకుంది. పదకొండేళ్లు వచ్చాక ఒక రోజు తనే "నాకు ఖో-ఖో ఆడాలనుంది, అమ్మానాన్నతో ఖో-ఖో ఎట్లాడ్త?" అంది. తండ్రి కొంచెం బాధపడ్డాడు, ఇన్నాళ్ల కష్టం పోయిందనుకున్నాడు. తల్లి మరునాడే ఆ ఫైలు పట్టుకుని దగ్గరి సర్కారు హైస్కూలుకు వెళ్లింది. హెడ్మాస్టరు పిల్లతో పది నిమిషాలు మాట్లాడారు, ఏదో పేజీ చదివించారు, రిజిస్టరు తీసి ఆరో తరగతిలో పేరు రాసుకున్నారు. హిందీ ఒక్కటే రాదు. అది నేర్పమని సాయంత్రాలు ఇప్పుడు మా ఇంటికి వస్తోంది, ప్రాక్టీసు లేని రోజుల్లో.